కంపు గదిలో నా వంతు

నా నోటికి జడిసి మూడు నెలల్లో ఆరుగురు పని మానేశారు. ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు? ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ నాది. చిన్న ముడత కనిపించినా ఒంటికాలి మీద లేస్తాను. చివరికి పదేళ్లుగా ఉన్న ఇస్త్రీ అక్క కూడా పోయిన వారం పెట్టె పక్కన పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మిగిలింది నేనూ, మిషన్ దగ్గరుండే ముసలాయనా. సోమవారం లోపు నలుగురిని చూసుకోకపోతే పని ఇంకొకరికి ఇస్తామని ఆసుపత్రి స్టోరు గుమస్తా తేల్చి చెప్పాడు. అదే జరిగితే నా లాండ్రీకి తాళమే.

మా మరిది చర్చిలో ఆదివారం బడి పిల్లలకు వాక్యం చెబుతాడు. గురువారం నా గోడంతా విని, యేసుప్రభువు మనుషుల కోసం ప్రకటన వేయించలేదు వదినా, వాళ్లు పనిచేసే చోటికే వెళ్లి పిలిచాడు అన్నాడు. చేపలవాళ్లు వలలు అక్కడే పడేసి ఆయన వెంట నడిచారట. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్లూ నాకెందుకు తట్టలేదా అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పక్క వీధి లాండ్రీకి వెళ్లి, గుమ్మంలో నిలబడి, పని అక్కడ పెట్టి నాతో రండి అన్నాను. జీతం సంగతి గానీ, పని సంగతి గానీ ఎత్తలేదు. యేసుప్రభువు ఎత్తాడా ఏమిటి? లోపలున్న ఐదుగురూ నన్ను ఎగాదిగా చూశారు. ఒకామె పాపం ఎండదెబ్బ అనుకుని మంచినీళ్లిచ్చింది. యజమాని గేటు దాకా సాగనంపాడు గానీ ఆ సాగనంపడంలో మర్యాద పెద్దగా లేదు. హోటల్లో గిన్నెలు తోమే ఇద్దరినీ అలాగే పిలిస్తే పొట్ట పట్టుకుని నవ్వారు.

ఉక్రోషం ఆపుకోలేక ఇస్త్రీ అక్క ఇంటికే వెళ్లాను. ప్రభువు పిలిస్తే చేపలవాళ్లు వచ్చారు, నేను పిలిస్తే నవ్వుతారేం అని ఆవిడ మీదే విరుచుకుపడ్డాను. నాకంటే పదేళ్లు పెద్దది. ఉల్లిపాయలు తరుగుతూ అంతా విని, తీరిగ్గా అంది.

"ఆయన వాళ్లతో పాటు పడవెక్కాడమ్మా. వాళ్ల కాళ్లు కడిగాడు. నువ్వు ఈ పదేళ్లలో ఒక్కసారైనా కంపు గదిలోకి వచ్చావా?"

కంపు గదంటే, ఆసుపత్రి మూటలు విప్పి, రక్తమూ వాంతులూ అంటిన దుప్పట్లు వేరుచేసి మరకలు వదిలించే గది. నేను ఎప్పుడూ గుమ్మం బయటే నిలబడి, ముక్కు మూసుకుని అరిచేదాన్ని.

శనివారం ముక్కుకు గుడ్డ కట్టుకుని లోపలికెళ్లాను. మొదటి మూట ఎలాగో విప్పాను. రెండోదానికి బయటికి పరిగెత్తి కక్కుకున్నాను. ఈ గదిలో రోజంతా నిలబడ్డవాళ్లనా నేను ముడతల కోసం అన్నేసి మాటలన్నాను? సిగ్గుతో చచ్చిపోయాను.

ముసలాయన కబురు పెట్టాడేమో, పదకొండింటికి ఇస్త్రీ అక్క వచ్చి, పొగలు కక్కుతున్న నా బకెట్ చూసి ఆగిపోయింది. రక్తపు మరకల మీద మసిలే నీళ్లు పోస్తున్నాను మరి. వేడి తగిలితే రక్తం బట్టకు పట్టేస్తుందట, ఇక వదలదట. అప్పటికే ఇరవై దుప్పట్లు నాశనం చేశాను.

ఆ తప్పు ఆమె చేసుంటే వీధి చివరి దాకా వినపడేలా అరిచేదాన్ని. ఇప్పుడు నా వంతు అనుకుని తల దించుకున్నాను. ఆమె పల్లెత్తు మాట అనలేదు. వేడినీళ్లు పారబోసి చన్నీళ్లు పట్టింది. నా పక్కనే పీట వేసుకుని, నా చేతులు పట్టుకుని, ఎంతసేపు నానాలో, ఎక్కడ రుద్దాలో చూపించింది. నాకు ఏడుపాగలేదు.

మధ్యాహ్నానికి, మానేసినవాళ్లలో ముగ్గురు తిరిగొచ్చారు. గర్వం ఎక్కడికి పోతుంది? నా కష్టం చూసే వచ్చారు కదా అని ఒకామెను అడిగాను.

"మిమ్మల్ని చూసి కాదమ్మా, అక్క రమ్మంది" అంది మొహమాటం లేకుండా.

సోమవారం దుప్పట్లు వేళకే వెళ్లాయి, ఇరవై తక్కువగా. ఆ తప్పు నాదేనని గుమస్తాకు నేనే చెప్పాను. పని మాత్రం మా చేతిలోనే ఉంది. ఆ రోజు నుంచీ మనుషుల్ని పిలవడం, పని నేర్పడం అక్క చూసుకుంటుంది. కంపు గది నేను చూసుకుంటాను.