అమ్మమ్మ యూపిరి

వసిష్ఠగోదావరీతరంగశీకరశీతలంబైన హేమంతప్రభాతసమీరము నరసాపురవీథులందు సంచరించుచుండ ఏ లోఁగిలి చూచినను ముగ్గులకు మాఱు దగ్గులే యెదురువచ్చుచుండెను. గాలిజ్వరమని జనులు పిలుచు నా మహామారి బలిష్ఠులను సైతము మంచము పట్టించి గర్భవతులయెడ మఱింత నిర్దాక్షిణ్యమై చరించుచుండెను.

మాణిక్యాంబ కూఁతురగు శ్యామల యా జ్వరతాపమునందే నెలలు నిండకమున్నె యాఁడుశిశువును గనెను. ఊపిరితిత్తులు గట్టిపడని యీ పసికందునకు రోగమంటెనేని దక్కుట దుర్లభమనియు దగ్గువారి శ్వాసమైనను దగులనీయరాదనియు వైద్యురాలు చెప్పిపోయెను. అది మొదలు మాణిక్యాంబ పురిటిగది గుమ్మమునఁ గూర్చుండి చూడవచ్చిన వియ్యపురాలిని సైతము వెనుకకు మరలించెను. పాలిచ్చునపుడు కూఁతు మూతికి గుడ్డ గట్టించెను. ఈఁగనైన వ్రాలనీయని యా కాపునకేమి కొఱఁత! ఒక్కతెను మాత్ర మాపుట మఱచెను. ఆ యొక్కతె తానే.

ఆ వీథిలోని బిడ్డలకెల్ల నీళ్లు పోసిన చేయి యామెది. గొంతు గరగరలాడుచున్నను అది పొయ్యిపొగవలని దగ్గేయని తన్నుఁదాను నమ్మించుకొని మిరియాలు నమలి కాళ్లు చాఁచి శిశువును వానిపైఁ బరుండఁబెట్టి గోరువెచ్చని నీరు వోసి తుడిచి వాడుకచొప్పున ముక్కులోని నీరు పోవుటకై యూఁదుటకు వంగెను.

"అమ్మా! ఊఁదకుము!" అని శ్యామల మంచముపైనుండి కేక వేసెను.

"నిన్నిట్లే యూఁది పెంచితినే! నీకేమైన మతి పోయినదా?"

"నీ కన్నులెఱ్ఱబాఱినవి. తలుపుచాటున నోటఁ గొంగు గ్రుక్కుకొని దగ్గుచుండ వింటిని. మఱెవ్వరైన నిట్లు దగ్గిన నీ గుమ్మము దాఁటనిత్తువా?"

మాణిక్యాంబ కోపమున నేమో యనఁబోయి యాఁగెను. ముఖము పాలిపోయెను. బిడ్డను పొడిగుడ్డలోఁ జుట్టి తల్లి ప్రక్కను జేర్చి గుమ్మముదాఁక వెనుకకే నడచెను.

"శ్యామలా!" యని హీనస్వరమునఁ బలికెను. "నిన్నను నూఁదితినమ్మా."

ఇరువురును నా చిన్నిఱొమ్ము లేచిపడుటనే చూచుచుండిరి. అంతలో శిశువు మూతి ముడిచి మెల్లగాఁ దుమ్మెను.

పసివారు తుమ్మినపుడెల్ల "చిరంజీవ" యని పెద్దలు పలుకుట వాడుక. మాణిక్యాంబ యెందఱు బిడ్డలకో నవ్వుచు నలవోకగా ననిన మాటయే యది. నేఁడామె గుమ్మమావలఁ జతికిలఁబడి కొంగుతో నోరు గట్టిగా మూసికొని యా మాటనే దేవునితోఁ బోరాడుచున్నట్లు మరల మరల ననుచుండెను.