అమ్మవారి బెల్లం

మా మామ కైలాసం యాకుత్‌పురా స్టేషన్ దారిలో బెల్లం టోకున అమ్ముతాడు. కింద దుకాణం, పైన ఇల్లు. నేను ఈ ఇంటికి చిన్నకోడలిగా వచ్చి పద్నాలుగు నెలలైంది. నేను తక్కువ మాట్లాడతాను. అందుకేనేమో నా ముందు అందరూ నోటికొచ్చినట్టు మాట్లాడతారు.

అందులో సగం పూజిత గురించే. పూజిత మా తోడికోడలు స్రవ్యక్క కూతురు. తొమ్మిదేళ్లు, అరవై నాలుగు కిలోలు.

"పందికొక్కు," అనేది మా అత్త విమలాదేవి, ఆ పిల్లకు వినబడేలాగే. "తల్లిగారింటోళ్లంత గిట్లనే. తినుడుకే పుట్టిన్రు."

స్టోరు గదికి తాళం వేసి చెవి నడుముకు దోపుకునేది. పూజితకు పొద్దున ఒక జొన్నరొట్టె, సాయంత్రం ఒకటి. ఒకరోజు ఆ పిల్ల పిండి డబ్బాలో చెయ్యి పెట్టి పచ్చి పిండి తింటుంటే చూశాను. ఏడుస్తూ తింటోంది. ఏడుస్తూనే మళ్లీ చెయ్యి పెడుతోంది.

రెండేళ్లప్పుడు పూజితకు నిమోనియా వస్తే, బతికితే నిలువెత్తు బంగారం ఇస్తానని అత్త సమ్మక్క తల్లికి మొక్కింది. బంగారమంటే బెల్లమే. పిల్లను తరాజులో కూర్చోబెట్టి, ఆమె బరువుకు సరితూగే బెల్లం మేడారం జాతరకు పంపాలి. ఏళ్లుగా వాయిదా పడుతున్న ఆ మొక్కు ఈ జాతరకు తీర్చాలని మంచి ముద్దలు ఏరి, బుట్టల్లో పెట్టి, పసుపు కుంకుమ చల్లి పక్కన పెట్టారు. దాన్ని ఎవరూ ఎంగిలి చెయ్యకూడదు. పోయిన గురువారం పూజిత చేసింది. నోట్లో ముక్కతోనే దొరికింది.

అత్త అట్లకాడతో కొట్టింది. తూకం అయిన రోజే శామీర్‌పేట అవతల ఎవరో నడుపుతున్న ప్రకృతి వైద్యం హాస్టల్లో వేస్తానంది. అక్కడ పిల్లలకు ఒక్కపూట జావ. తప్పు చేస్తే అదీ లేదు. ఆరు నెలలు తల్లిని కూడా చూడనివ్వరు.

అప్పటికే స్రవ్యక్క, నేను పత్తర్‌గట్టిలో జాకెట్టు గుడ్డలు కొనాలని చెప్పి పిల్లను ఆస్పత్రికి తీసుకుపోయి వచ్చాం. తల్లి రక్తం, పిల్ల రక్తం తీశారు. పూజిత నాన్న రాహుల్ బావ కూడా ఇంట్లో చెప్పకుండా వెళ్లి ఇచ్చి వచ్చాడు. తూకానికి ముందురోజు రిపోర్టు చేతికిచ్చి డాక్టరమ్మ నాకు అర్థమయ్యేదాకా చెప్పింది. ఒంట్లో కొవ్వు చాలినంత ఉంటే ఆ కబురు రక్తంలో మెదడుకు పోతుంది. అక్కడి కణాలు కొన్ని దాన్ని అందుకుని ఆకలిని ఆపుతాయి. పూజితలో ఒక జన్యువు చెడి, ఆ కణాలకు కబురు సరిగ్గా అందడం లేదు. గోదాము నిండినా దుకాణానికి తెలియక, ఇంకా సరుకు పంపమని అడుగుతూనే ఉన్నట్టు. పిల్ల అబద్ధం ఆడటం లేదు. ఆమెకు నిజంగానే ఆకలి.

ఆదివారం పొద్దున దుకాణంలో పెద్ద తరాజు కట్టారు. చుట్టుపక్కల వాళ్లంతా వచ్చారు. పూజిత కూర్చోగానే గొలుసులు కిర్రుమన్నాయి.

"ఇంకో బుట్ట తే, గుండయ్యా," అన్నాడు మామ.

"దుకాణమంత ఎక్కియ్యాల్నా సేట్?" అన్నాడు హమాలీ గుండయ్య. జనం నవ్వారు. పూజిత ఎదుటి పళ్లెంలోని బెల్లాన్నే చూస్తోంది.

"సూడున్రి, గిప్పుడు గూడ కండ్లు ఆడనే," అంది అత్త. "నాలుగింటికి హాస్టలోళ్ల బండి వస్తది. దొంగతిండి మరుస్తది."

మామ ముద్దలు పేరుస్తున్నాడు. పేరుస్తూనే ఒకదాని అంచు విరిచి నోట్లో వేసుకున్నాడు. రోజంతా ఆయన చేసేదదే. అడిగితే మాల్ ఎట్లుందో చూస్తున్న అంటాడు. కొత్త సరుకు రాని రోజు కూడా చూస్తాడు. ఆయన పొట్టను బజారంతా లక్ష్మీకళ అంటారు.

"అమ్మవారి బెల్లం ఎంగిలైంది," అన్నాను.

అందరూ పూజిత వైపు తిరిగారు. అత్త చెయ్యి లేచింది కూడా.

"పూజిత కాదు అత్తమ్మా. మామ నోట్ల ఉన్నది."

మామ దవడ ఆగిపోయింది. మింగలేడు, ఉమ్మలేడు.

"ఏం కూస్తున్నవే?" అంది అత్త.

"మామ కావాలని తినలే. చెయ్యి దానంతలదే పోయింది. పూజితకు గూడ గంతే." సంచిలోంచి రిపోర్టు తీశాను. "పిల్లది దొంగతిండి గాదు, రక్తంల లోపం. అక్క రక్తంల అది లేదు. బావ రక్తంల ఉన్నది. బావకు ఎవరి నుంచి వచ్చిందో తెల్వాలంటే మీ ఇద్దరి రక్తం చూడాలె అన్నది డాక్టరమ్మ."

రాహుల్ బావ నేల చూపులు చూశాడు.

మామ బుగ్గలోని ముక్కను మింగాడు. "పల్లెటూరి బడిల నాలుగక్షరాలు నేర్సుకొని నా రక్తం సదువుతున్నవా?"

"నేను సదివేదేం లేదు మామా. హాస్టలోళ్లు రిపోర్టు అడుగుతరు. అక్క గిదే ఇస్తది."

"ఇస్త," అంది స్రవ్యక్క. ఆ పొద్దు ఆమె మాట్లాడటం అదే మొదలు.

మామ గడప దగ్గర నిలబడ్డ జనాన్ని చూశాడు. అందరూ ఆయన బేరగాళ్లే.

"పిల్లను దించు," అన్నాడు గుండయ్యతో. తర్వాత అత్త వైపు చూడకుండానే, "హాస్టలుకు ఫోన్ చెయ్. పిల్ల రాదని చెప్పు."

"ఎందుకని అడిగితే?"

"ఏం చెప్పకు. ఆ కాయితం మాత్రం గడప దాటొద్దు." నన్ను చూసి అన్నాడు, "నువ్వు ఇంక నా కంచంల వడ్డియ్యకు."

అమ్మవారికి వేరే బెల్లం తెప్పించి మళ్లీ తూచారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నం అత్త స్టోరు తాళంచెవి నా కాళ్ల దగ్గర విసిరింది. "అంత తెలిసినదానివి, నువ్వే కావలుండు. పిల్ల బరువు పెరిగితే నిన్నే అడుగుత."

తీసి నడుముకు దోపుకున్నాను. స్టోరుకు తాళం ఉంచమనే డాక్టరమ్మ కూడా చెప్పింది. రిపోర్టు వచ్చిందని ఆకలి తగ్గదంది. వేళకు కంచం నిండా పెట్టాలి, మిగిలింది కళ్లకు కనబడొద్దు, తిట్టొద్దు.

సాయంత్రం పూజితకు రెండు రొట్టెలు, పప్పు, దోసకాయ ముక్కలు పెట్టాను. కంచం తుడిచినట్టు తిన్నది.

"చిన్నమ్మా, ఇంకొకటి."

"ఇప్పుడు కాదు బిడ్డా. మళ్ల పొద్దుగాల."

ఆ పిల్ల నా నడుము దగ్గరి తాళంచెవిని చూసింది. తర్వాత నా ముఖం చూసింది. ఇన్నాళ్లూ అత్తను చూసిన చూపే అది.