అయిదో నంబరు గూటం

నేను ఒక గూటాన్ని. నికార్సయిన టేకు కర్రను. చెట్టుగా ఉన్న రోజులు గుర్తుంటే గొప్పలు చెప్పుకోవడానికి పనికొచ్చేవి గానీ, నాకు తెలివి వచ్చేసరికే నిర్మల్ వైపు ఒక పల్లెలో వడ్రంగి నన్ను మంచం కోడుగా చెక్కేశాడు. ఆ మంచం మీద ఆశన్న వాళ్ల తాత ముప్పై ఏళ్లు గురకపెట్టాడు. పట్టె విరిగాక ఆశన్న నన్నూ నా జోడీనీ మొన చెక్కి, కొట్టంలో ఎడ్లను కట్టే గూటాలుగా పాతాడు. ఎర్రోడు నాకు, కర్రోడు దానికి. తాత గురక కంటే ఎర్రోడి బుస నయమే అనుకుని సర్దుకున్నాను.

అలా ఉండగా వరసగా రెండేళ్లు వానలు ఆలస్యంగా వచ్చి, పెందరాళే వెళ్లిపోయాయి. సోయా కాయ కట్టింది గానీ గింజ నిండలేదు. నేలలో తడి ఆరిపోయి, వెనక వేసే శనగకూ దిక్కులేకపోయింది. ఆశన్న విసిగిపోయాడు.

"ఈ ఒక్కయేడు సూస్త. గిట్లనే అయితే చేను కౌలుకిచ్చి నిజామాబాదుల వాచ్‌మన్ పనికి పోతా," అన్నాడు భార్య రాజుబాయితో.

ఆ చేను ఆమెకు ప్రాణం. వారం తిరక్కుండా విత్తన సంఘం నుంచి నవనీత మేడంను వెంటబెట్టుకొచ్చింది. మందులూ యూరియా లేకుండా, పేడా గోమూత్రాల జీవామృతంతోనే పెంచి, ఆరు రకాల సోయాలో ఏది తొంభై రోజుల్లోపు కోతకొస్తుందో చూడాలన్నది మేడం పని. గెలిచిన రకం విత్తనాన్నే వచ్చే ఏడు నలభై ఇళ్లకు తెప్పించి ఇస్తారట.

ఆరు మడులకు ఆరు గూటాలు కావాలన్నారు. నాలుగు వెదురువి దొరికాయి. రాజుబాయి కొట్టంలోకి వచ్చి నన్నూ నా జోడీనీ పీకేసింది. "ఎడ్లనేంది, నా నెత్తికి కట్టెయ్యాల్నా?" అని ఆశన్న గొణిగినా వినలేదు. మేడం మాకు తెల్లరంగు పూసి నంబర్లు వేసింది. నేను అయిదు, నా జోడీ రెండు. అబ్బో, ఆ రోజు నా దర్జా చూడాల్సింది!

"ఒట్టి సోయానే వెయ్యాలి రాజక్కా. ఇంకే గింజా కలపొద్దు," అని మేడం మరీ మరీ చెప్పింది. రాజుబాయి బుద్ధిగా తలూపింది. మేడం అటు తిరగగానే కొంగుముడి విప్పింది. అసలు పంట నడుమ కలిపి వేసే అక్కడి గింజలు నాలుగు పడనిదే ఆమె చేతికి విత్తు సాగదు. తల్లి నేర్పిన అలవాటు. ఒక్కో మడి మొదట్లో ఒక్కో రకం చల్లింది. రెండో మడికి బొబ్బెర్లు, నా మడికి పుంటికూర. మేడం అడిగితే, పక్షులు తెచ్చి పడేశాయని చెప్పేది. పాపం, పక్షులు!

చేను బాగా ఎదిగింది. పురుగు కనబడితే వేపకషాయం కొట్టారు. కలుపు చేత్తో తీశారు. నా మడిలో అందరికంటే ముందు పూత వచ్చింది. నేను నిలువెల్లా పొంగిపోయాను.

అప్పుడొచ్చింది పోలాల పండుగ. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కట్టి ఊరేగించే రోజు. కొత్త గూటాలకు ఎడ్లు నిలవడం లేదని ఆశన్న పొద్దున్నే చేలోకి వచ్చి మా ఇద్దర్నీ పీక్కుపోయాడు. ఎర్రోడు నన్ను వాసన చూసి కుదురుగా నిలబడ్డాడు. పండుగ కల్లు తాగిన ఆశన్న, సాయంత్రం మళ్లీ చేలోకి వచ్చి పాతేశాడు. నన్ను రెండో మడిలో, నా జోడీని అయిదో మడిలో!

ఒరేయ్ ఆశన్నా, అది నా చోటురా! అరుద్దామంటే కర్రకు నోరేదీ?

ఎనభై ఆరో రోజున అయిదో మడి ఎండి గలగలలాడింది. నేను నిలబడిన రెండో మడి ఇంకా పచ్చగానే ఉంది. మేడం సంబరంగా ఎండిన మడి వైపు నడిచి, అక్కడున్న నా జోడీని చూసింది. "రెండో నంబరు గెలిచింది!" అని పుస్తకం తెరిచింది. నలభై ఇళ్లకూ వచ్చేది ఆలస్యంగా పండే విత్తనం. ఆ తర్వాత ఈ చేను కౌలుకే.

రాజుబాయి మడి మొదట్లో వంగి చూసింది. ఆమె ముఖం మాడిపోయింది.

"ఆగుండ్రి మేడం. ఇది అయిదోది."

"గూటం మీద రెండని ఉంది కదా అక్కా?"

"గూటంతోని నాకేం పని? అయిదోదానికి నేను పుంటికూర ఏసిన. గిదో, సూడుండ్రి. గా పచ్చగున్న దాంట్ల బొబ్బెర తీగున్నది. తప్పయింది, మీరు వద్దన్నా ఏసిన. తిడితే తిట్టుండ్రి గని, పేరు మాత్రం తప్పు రాయకుండ్రి."

ఆశన్న అప్పుడు నా దగ్గరికొచ్చి, తెల్లరంగు మీద పలుపు ఒరుసుకుపోయిన గీత చూశాడు. తల గోక్కున్నాడు.

"పోలాల నాడు ఎడ్లకని నేనే పీకిన. మల్ల పెట్టేటప్పుడు... జరంత తాగి ఉంటి."

మేడం మాటల మీద ఊరుకోలేదు. సంచీలోంచి అయిదో నంబరు విత్తనం పొట్లం తీసి, ఎండిన కాయ ఒకటి ఒలిచి పక్కన పెట్టింది. రెండింటికీ గింజ నడుమ ఒకటే నల్లమచ్చ. రెండో పొట్లంలోవి మచ్చలేని గింజలు. ఆమె రాసింది కొట్టేసి, అయిదు అని దిద్ది, రాజుబాయి చేయి పట్టుకుంది. "నీ పక్షులు చల్లగుండాలి అక్కా," అంది.

కోత అయిన నాలుగో రోజే, తడి ఆరకముందు, ఆ మడిలో శనగ పడింది. మొలకలొచ్చిన పొద్దున ఆశన్న గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. వాచ్‌మన్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఈ ఏడు నలభై ఇళ్ల చేలల్లోనూ అయిదో నంబరే వేశారు. పరీక్ష మడులకు మేడం ఇనుప రేకులు తెచ్చింది. నేను కొట్టానికే పోతాననుకున్నాను. కానీ రాజుబాయి నన్ను చేను మొదట్లో పాతించింది. ఎర్రోడి పలుపుకు నా అంకె సగం చెరిగిపోయింది. దాన్ని దిద్దమని ఆశన్న రంగు డబ్బా తెచ్చాడు.

రాజుబాయి డబ్బా పక్కన పెట్టి, కొంగుముడి విప్పి, నా మొదట్లో పిడికెడు పుంటికూర గింజలు చల్లింది.

"రంగుదేమున్నది," అంది, "మల్ల పోలాల రాదా?"