కారు చక్రాలకు మోట తోలు

తోలుపని చేసే నాగన్న వాకిట్లో తోలు నాలుగు ముక్కలై పడి ఉంది.

అది వేరెవరిదో అయి ఉంటుందని సత్తెమ్మ మొదట అనుకున్నది. తన తోలు అంచులు కుట్టి, నీళ్లు పోసి చూసి, ఒకే మోటగా ఇంటికి రావలసినది. చచ్చిన గొడ్డును తోలుపనివాడికి అప్పగిస్తే, అతడు దాని చర్మాన్ని పదును చేసి ఆ రైతుకే మోట కుట్టి ఇవ్వడం గోపాల్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ కాదనని కట్టుబాటు. సత్తెమ్మ తన దున్నపోతును అలాగే అప్పగించింది. పాత మోట అడుగు చిరిగింది. ఎడ్లు దాన్ని బావి అంచుకు లాగేసరికి సగానికి పైగా నీళ్లు తిరిగి బావిలోకే కారిపోతున్నాయి. యాసంగి వరి పొట్ట మీద ఉంది. ఇప్పుడు తడి అందకపోతే గింజ పట్టదు.

"గిది నా తోలేనా, నాగన్నా?"

నాగన్న తల ఎత్తలేదు. "నీదేనవ్వా. దొర సుంకరి బసవయ్య నెత్తి మీద నిలవడ్డడు. కోస్తవా, గడిల కొస్తవా అన్నడు. కోసిన."

"ఎందుకంట?"

"చిన్నదొర కారు చక్రాల ఎన్క కడ్తరంట. బురద ఎగిరి రంగుకు అంటకుంట."

"ఎండలు కొడ్తుంటే బురద ఏడికెళ్లొచ్చింది?"

ఆ ప్రశ్నకు జవాబు ఊళ్లో అందరికీ తెలుసు. చిన్నదొర మద్రాసు నుంచి తెప్పించిన ఎర్రటి కారుకు ఇద్దరు కూర్చునే చోటు ఉంది, పైకప్పు లేదు. వేగంగా పోవడం తప్ప దానికి వేరే పని లేదు. వేగంగా పోతే దుమ్ము లేచి దొర మీద పడుతుంది. అందుకని ఇంటికొక ఆడమనిషి వెట్టికి వచ్చి, కారు పోయే బాట పొడవునా కడవలతో నీళ్లు చల్లాలి. నీళ్లు చల్లితే ఎర్రమన్ను బురద అయింది. బురద ఎగిరి కారు రంగును పాడుచేసింది. ఇందుకు పట్నాలలో రబ్బరు తెరలు దొరుకుతాయట. యుద్ధం వచ్చి రబ్బరు కరువైంది. దుమ్ముకు నీళ్లు విరుగుడు, నీళ్లకు తోలు విరుగుడు. తోలు పోగొట్టుకున్న పొలానికి విరుగుడు ఏమిటో ఎవరూ ఆలోచించలేదు.

ముక్కలు తీసుకుని నాగన్న దొర ఉండే గడికి బయలుదేరాడు. సత్తెమ్మ అతని వెనకాలే నడిచింది.

చిన్నదొర గడి ముందు కారు పక్కన గొంతుకూర్చుని, తన చేతులతోనే మరలు బిగిస్తున్నాడు. ఇష్టమైన పని దొరికిన మనిషి ముఖం అతనిది. నాగన్న ఆరెతో తోలుకు చిల్లులు పొడిచి అందించాడు. మొదటి చిల్లు పడగానే సత్తెమ్మ ఉండబట్టలేకపోయింది.

"దొరా, గది నా మోట తోలు."

"గొడ్డు తోలే గదనే. నీకింకో గొడ్డు చావదా?" అన్నాడు చిన్నదొర. పక్కనే కర్ర పట్టుకుని నిలబడ్డ బసవయ్య పెద్దగా నవ్వాడు.

"పొలం పొట్ట మీదున్నది. మోట లేకుంటె అంత తాలు వోతది. బాటకు నీళ్లు చల్లుడు బంద్ వెడితె బురదనే ఉండదు గద దొరా? ఇగ తోలుతోని పనేమున్నది?"

బసవయ్య నవ్వు ఆగిపోయింది. చిన్నదొర చేతిలోని పనిముట్టు కింద పెట్టి, నొసలు ముడిచి నిజంగానే ఆలోచించాడు. ఆ ముడతను చూసి సత్తెమ్మకు ఆశ కలిగింది.

"మాట ఖరేనే," అన్నాడు అతను. "మరి దుమ్మో?"

"జర నిమ్మలంగ నడిపితె లేవదు దొరా."

"నిమ్మలంగ పోతందుకు నాకు ఎడ్లబండి లేదా?"

చివరి మర బిగించి అతను లేచాడు. చక్రాల వెనక నల్లగా వేలాడుతున్న తోలును అరచేత్తో నిమిరాడు. "ఇగ బురద భయం లేదు. బసవయ్యా, రేపటికెళ్లి నీళ్లు ఇంకిన్ని కొట్టియ్యి. బాటకు దగ్గర బావి ఎవలది?"

"గీమెదే దొరా."

తోలు అడగడానికి వచ్చిన సత్తెమ్మ, బావిని కూడా అప్పగించి ఇంటికి పోయింది.

మరునాడు పొద్దున ఊరి ఆడవాళ్లంతా కడవలతో ఆమె బావి దగ్గర చేరారు. గట్టు అవతల వరి ఆకులు చుట్టుకుపోయి, ముట్టుకుంటే గరగరలాడుతున్నాయి.

"సత్తెక్కా, నీ బావికి జాతరొచ్చిందే," అన్నది పక్కింటి యాదమ్మ. "కొబ్బరికాయ కొట్టమంటవా?"

"కొట్టు. దొర నెత్తి మీద కొట్టు."

యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సత్తెమ్మ తన కడవ నింపి నడుము మీద పెట్టుకున్నది. అందరూ బాట వైపు నడిచారు. ఆమె గట్టు దిగి, మొదటి మడిలో వరి దుబ్బుల మొదట్లో నీళ్లు పోసింది. నేల పగులు వాటిని ఒక్క గుక్కలో తాగింది. పోసిన గుర్తు కూడా మిగల్లేదు. ఆమె తిరిగి వచ్చి మళ్లీ చేద వేసింది.

"ఏందక్కా! బాట గిటు గద!"

"తెలుసు."

బసవయ్య కర్ర ఊపుకుంటూ పరుగున వచ్చాడు. "ఓ సత్తెమ్మా, నన్ను పరేషాన్ జెయ్యకు. నీ వంతు బాట ఎండి ఉన్నది. దొర వచ్చే యాళ్లయింది."

"నా వంతు పొలం సుత ఎండే ఉన్నది, బసవయ్యా."

"గడికి పిలుస్తడు, చెప్తున్న."

"పిలిస్తె వస్త. గప్పటిదాంక గిన్ని పోసుకుంట."

కడవలు మోట పని చేయలేవని ఆమెకు తెలుసు. సాయంత్రం దాకా మోసినా ఒక మడి మూల కూడా తడవదు. తెలిసే మళ్లీ చేద వదిలింది. గుట్ట మలుపు దగ్గర కారు కూత వినిపించింది. ఆడవాళ్లు కడవలు చంకన పెట్టుకుని బాట దిగి నిలబడ్డారు; బసవయ్య తలపాగా సర్దుకుంటూ ఎదురు పరుగెత్తాడు. సత్తెమ్మ అటు చూడలేదు. తాడు చేదుకుని కడవ నింపింది, పొలం వైపు నడిచింది.