నాలుగువందల పన్నెండో చీటీ

ఆ ఉదయం కూడా మోరివాకి గోడలు నెట్టుకుంటూనే కూర్చున్నాడు. తెర మీద బొటనవేలంత జాలరి ఒకడు. వాణ్ణి రేవంతా నడిపించి, ప్రతి గోడకూ నాలుగు వైపుల నుంచీ మూడేసిసార్లు గుద్దించాలి. గోడ గోడలా నిలబడితే సరే. జాలరి గోడలోకి దూరిపోతే మాత్రం తప్పు దొరికినట్టు, దానికో చీటీ రాయాలి. ఇరవై ఏళ్ళుగా తోబియువో కంపెనీలో అతని ఉద్యోగం ఇదే. కంపెనీ తయారుచేసే వీడియో ఆటల్లో తప్పులు పట్టడం.

ఈ చేపలాట బజారుకు వెళ్ళదు. సాయంత్రం ఐదింటికి కంపెనీయే ఉండదు. ఆ సంగతి మోరివాకికీ తెలుసు. అయినా తొమ్మిదింటికి వచ్చాడు, కుర్చీ ఎత్తు సరిచేసుకున్నాడు, పెన్ను మూత తీసి పక్కన పెట్టుకున్నాడు. మరి ఇంకేం చేస్తాడు?

అతనికి నలభై ఆరేళ్ళు. భుజాలు ముందుకు వంగిపోయాయి. మీటలు నొక్కీ నొక్కీ ఎడమ బొటనవేలి మీద పప్పుబద్దంత కాయ కాసింది. స్వెటర్ మోచేతులు రెండూ పలచబడి లోపలి చొక్కా కనబడుతోంది. ఇంటికి తాళం వేశాక తలుపును మూడుసార్లు నెట్టి చూస్తాడు, రైలు దిగేటప్పుడు సీటు మూడుసార్లు తడుముతాడు. పెళ్ళి చేసుకున్న నాలుగో ఏట భార్య పెట్టె సర్దుకుంటూ, "నువ్వు నాతో కాపురం చెయ్యడం లేదు, నన్ను పరీక్షిస్తున్నావు" అంది. ఆ మాట తప్పని అతనికి ఇప్పటికీ అనిపించదు. ఎంతైనా తప్పుల సంగతి తెలిసినవాడు కదా.

"మోరివాకి గారూ, ఒక్కసారి కాళ్ళు చూసుకోండి" అంది నిషిగాకి గారు. ఆఫీసు పనులన్నీ చూసుకునే మనిషి, అరవై దాటింది. టీ కప్పుల్ని పాత పేపర్లలో చుట్టి అట్టపెట్టెలో పెడుతోంది.

చూసుకున్నాడు. ఆకుపచ్చ రబ్బరు చెప్పులు. ఆఫీసులో తిరగడానికి గోధుమరంగువి, మరుగుదొడ్డికి ఆకుపచ్చవి. ఆకుపచ్చవి దాని గుమ్మం దాటి ఇవతలికి రాకూడదు. పైగా వాటి మీద తెల్లటి అక్షరాలతో 'మరుగుదొడ్డి' అని రాసి కూడా ఉంటుంది. ఏదైనా తప్పు బుర్రలో మెదిలిందంటే మోరివాకి వాటితోనే బయటికొచ్చేస్తాడు. ఆ కంపెనీలో ఇలా చేసేవాడు అతనొక్కడే.

"ఆఖరి రోజైనా మరుగుదొడ్డిని అక్కడే వదిలేసి వస్తారనుకున్నాను."

"వదిలేస్తానండీ. ఈ రేవు ఒక్కటీ అయిపోనివ్వండి."

"ఇరవై ఏళ్ళుగా అయిపోతూనే ఉంది మీ రేవు" అని ఆమె ఇంకో కప్పు చుట్టింది. చుడుతూనే, "చెప్పడం మర్చిపోయాను. కాజితాని ఫోన్ చేశాడు. భోజనాలయ్యాక వస్తాడట" అంది.

మోరివాకి చెయ్యి తనంతట తానే చొక్కా జేబు మీదికి పోయింది. జేబులో చీటీ ఉంది. పాత ఉద్యోగులందరికీ యజమాని కార్డులు రాశాడు, మీ వస్తువులేవైనా మిగిలి ఉంటే మార్చి ముప్పై ఒకటిలోగా వచ్చి తీసుకెళ్ళమని. కార్డు అందితే కాజితాని వస్తాడని మోరివాకికి తెలుసు. అందుకే పొద్దున ఇంట్లో, పద్నాలుగేళ్ళుగా టీ డబ్బా అడుగున పడి ఉన్న ఆ చీటీ తీసి జేబులో పెట్టుకున్నాడు. ఈ రోజు చెప్పాలి. ఈ రోజు చెప్పకపోతే, చెప్పడానికి ఇలాంటి చోటు ఇంకెక్కడా ఉండదు.

మధ్యాహ్నం మెట్ల దగ్గర కిటికీ పక్కన కూర్చుని, పుల్లటి ఉమె పండు నంజుకుంటూ రెండు అన్నం ముద్దలు తిన్నాడు. యోదో నది వంతెన మీద ముదురెరుపు రైళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. పైన బార్లీ టీ తాగాడు.

ఆ చీటీ రాసింది ఎనభై తొమ్మిదో సంవత్సరం, మే నెలలో. ఆఫీసంతా ముప్పై రెండు మంది, అంతా చెమట వాసన. 'నెలవంక దీవి' అనే ఆట పొద్దున పదింటికి ఫ్యాక్టరీకి వెళ్ళాలి. ఒకసారి క్యాసెట్టులోకి ఎక్కిందంటే ఇక ఒక్క అక్షరం కూడా మార్చడానికి ఉండదు. కాజితాని అప్పటికి ఇరవై ఏడేళ్ళవాడు, ఆ ఆటకు ప్రోగ్రామంతా రాసింది అతనే. నాలుగు రోజులుగా ఇంటి ముఖం చూడలేదు.

కంపెనీలో కొన్ని పద్ధతులుండేవి. తప్పు దొరికితే నోటితో చెప్పకూడదు. నలుగురిలో చెబితే రాసినవాడికి తల కొట్టేసినట్టుంటుందని యజమాని ఏనాడో పెట్టిన నియమం అది. చీటీ రాసి ప్రోగ్రామర్ బల్ల మీది ట్రేలో పెట్టాలి. అతను సరిచేశాక మూల గడిలో తన పేరు ముద్ర కొడతాడు. ఆట పూర్తయితే ట్రేని బోర్లా తిప్పేస్తారు. ఇంకొకటి ఎవరూ రాసి పెట్టింది కాదు గానీ అందరూ పాటించేదే. బల్ల కింద పడుకున్నవాణ్ణి ఎవరూ లేపరు.

ఆ పొద్దున ఎనిమిదిన్నరకు మోరివాకికి ఆ తప్పు దొరికింది. ఆటలో ఆఖరి తలుపు దాకా వెళ్ళి, లోపలికి అడుగుపెట్టకుండా వెనక్కి తిరిగి ఊళ్ళోకొచ్చి ఆట దాచుకుంటే, దాచుకున్నదంతా చెరిగిపోతుంది. ఆట దాచుకునే మూడు గళ్ళూ ఖాళీ. మూడుసార్లు చేసి చూశాడు, మూడుసార్లూ పోయింది. మొహం మీద నీళ్ళు చల్లుకొచ్చి చీటీ రాశాడు. దాని నంబరు నాలుగువందల పన్నెండు. పరుగులాంటి నడకతో కాజితాని బల్ల దగ్గరికి వెళ్ళాడు.

ట్రే బోర్లా తిప్పి ఉంది. బల్ల కింద అట్టముక్క పరుచుకుని కాజితాని నిద్రపోతున్నాడు. గడ్డం మాసిపోయింది, ఒక చెయ్యి చెంప కింద ఉంది.

మోరివాకి అక్కడే నిలబడ్డాడు. లేపాలి. ఎలా లేపడం? లేపితే ఆట ఆగిపోతుంది, ఫ్యాక్టరీ వంతు పోతుంది, పిల్లల వేసవి సెలవులకు కొట్లలోకి చేరదు. పైగా ఇంత అలసినవాణ్ణి లేపి, నీ పని తప్పయిందని మొహం మీదే చెప్పడమా! ఫ్యాను తిరుగుతూనే ఉంది. పది నిమిషాలు గడిచి ఉంటాయి. అయినా ఆఖరి తలుపు దాకా వెళ్ళినవాడు ఎవడు వెనక్కి తిరుగుతాడులే అనుకున్నాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. పదింటికి యజమాని పెట్టె పట్టుకుని టాక్సీ ఎక్కుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. మోరివాకీ కొట్టాడు.

పిల్లలు వెనక్కి తిరిగారు. ఒకరూ ఇద్దరూ కాదు. ఊళ్ళో దీపస్తంభం కాసే ముసలివాడికి వెళ్ళొస్తానని చెప్పడానికి తిరిగారట. ఆ ముసలివాడికి చెప్పమని ఆటలో ఎవరూ అడగలేదు, చెప్పకుండా పోవడం వాళ్ళకు బాగాలేదంతే. కార్డులు సంచులకొద్దీ వచ్చాయి. వాటికి జవాబులు రాయడం మోరివాకి వంతయింది. ఒక కార్డులో పెన్సిలుతో, "వేసవి సెలవులు అయిపోయాయి. మళ్ళీ మొదటినుంచి ఆడడానికి నాకు రోజులు లేవు" అని ఉంది. ఆ కార్డుకు మాత్రం అతను ఏమీ రాయలేకపోయాడు.

కాజితాని కొట్లవాళ్ళ ముందు వరసగా తల వంచాడు. తప్పంతా తనదేనన్నాడు. ఆ ఏడాది చివర్లో మానేశాడు. తోబియువో పేరుతో మళ్ళీ పెద్ద ఆటేదీ రాలేదు. వేరే కంపెనీల ఆటలకు పేరు లేకుండా పనిచేస్తూ, మనుషులు తగ్గుతూ తగ్గుతూ ఇవాళ్టికి ఇద్దరు మిగిలారు.

రెండున్నరకు కాజితాని వచ్చాడు. జుట్టు పలచబడింది, ఒళ్ళు చేసింది, నీలం రంగు పనిబట్టల్లో ఉన్నాడు. ఇప్పుడు లిఫ్టులు బాగుచేస్తున్నాడట.

"ఈ బిల్డింగు లిఫ్టు ఎక్కకండి, మోరివాకి గారూ. తాడు మార్చి ఎన్నేళ్ళయిందో."

"నేనెప్పుడూ మెట్లే."

"తెలుసు. లిఫ్టు తలుపు మూడుసార్లు నెట్టేసరికి అది వెళ్ళిపోయేది మిమ్మల్ని వదిలేసి."

ఇద్దరూ నవ్వారు. నిషిగాకి గారు చుట్టేసిన రెండు కప్పులు మళ్ళీ విప్పి టీ పోసి, తాళాలు అప్పగించి వస్తానని కిందికి వెళ్ళింది. కాజితాని తన పాత బల్ల దగ్గరికి వెళ్ళి సొరుగు లాగి చూశాడు. లోపల ఒక రబ్బరు బ్యాండు, ఎండిపోయిన జిగురు సీసా తప్ప ఏమీ లేవు. సొరుగు మూసేశాడు.

"సరే, చూసేశాను. వెళ్తాను మరి" అన్నాడు.

ఇక వెళ్ళిపోతాడు. మోరివాకి జేబులోంచి చీటీ తీసి రెండు చేతులతో ముందుకు చాచాడు. నోటితో చెప్పడం అతనికి ఎప్పుడు అలవాటైంది గనక!

కాజితాని చీటీ మడతలు విప్పాడు. నంబరు, తేదీ, సమయం, తప్పు, అది రావడానికి ఏమేం చెయ్యాలో ఒకటి, రెండు, మూడు వరసలో. మెల్లిగా చదివాడు. చదివింది మళ్ళీ చదివాడు.

"బాగా రాశారు. ఇదుంటే అరగంటలో సరిచేసేవాణ్ణి."

"నువ్వు నిద్రపోతున్నావు. లేపలేకపోయాను. నన్ను... నీ ఉద్యోగం..." పద్నాలుగేళ్ళుగా మోరివాకి మనసులో రాసుకున్న వాక్యాల్లో ఒక్కటీ మిగల్లేదు.

కాజితాని అతని కాళ్ళ వైపు చూస్తున్నాడు.

"ఇంకా ఇవే చెప్పులా?"

"అలవాటు."

"నేను నిద్రపోలేదు, మోరివాకి గారూ."

మోరివాకి తలెత్తాడు.

"కళ్ళు తెరిచే ఉన్నాను. మీ చెప్పులు కనబడుతూనే ఉన్నాయి. మరుగుదొడ్డి, మరుగుదొడ్డి అని రెండు కాళ్ళ మీదా. పది నిమిషాలు అవే అక్షరాలు చదువుకుంటూ పడుకున్నాను. ఆ చెప్పులతో మీరొచ్చారంటే ఏదో దొరికిందనేగా. తెల్లవారుజామున ఆ తలుపు దగ్గర నేనో వరస మార్చాను, మళ్ళీ చూసుకోలేదు. అదే అయ్యుంటుందనుకున్నాను."

"మరి లేవలేదేం?"

"మీరు లేపితే లేద్దామనుకున్నా. లేపకుండా వెళ్ళిపోతే, అంత పెద్దదేం కాదన్నమాట అనుకున్నా." అతను చీటీని వేళ్ళతో సాపు చేశాడు. "మీరు వెళ్ళిపోయారు. హమ్మయ్య అనుకున్నానండీ. నిజంగా. అందుకే మానేశాను."

చెప్పేస్తే బరువు దిగుతుందని మోరివాకి ఇన్నేళ్ళూ నమ్మాడు. దిగలేదు, ఇంకా బరువెక్కింది. తప్పు చేసింది తనొక్కడే అయితే బాగుండేదనిపించింది. ఆ పొద్దున కాలితో అట్టముక్కను కాస్త తడితే చాలేది. ఒక్క దగ్గు దగ్గినా చాలేది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

కాజితాని పైజేబులోంచి పేరు ముద్ర తీశాడు. లిఫ్టు చూసిన ప్రతిచోటా కొట్టాలి కనుక ఎప్పుడూ దగ్గరే ఉంటుంది. చీటీని బల్ల మీద పెట్టి, మూల గడిలో ఎర్రగా నొక్కాడు. పక్కన తేదీ గడి ఖాళీగా ఉంది.

"ఏ తేదీ వెయ్యమంటారు?"

మోరివాకి తల అడ్డంగా ఊపాడు. కాజితాని ఆ గడిని అలాగే వదిలేసి, సిరా ఆరేదాకా ఊది, చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నా వస్తువు తీసుకెళ్ళడానికే కదా రమ్మంది" అన్నాడు. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుని, నడుము వంచి, "ఇవాళ చాలా కష్టపడ్డారు, మోరివాకి గారూ" అన్నాడు. పని దిగి ఇంటికెళ్ళేటప్పుడు రోజూ ఒకరితో ఒకరు అనుకునే మాటే అది. మెట్ల మీద అడుగుల చప్పుడు మూడో అంతస్తు దాకా వినబడింది, తరవాత లేదు.

మోరివాకి తన సీటులోకి వెళ్ళలేదు. కాజితాని బల్ల ముందు, అప్పుడు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద వంగి, బల్ల కిందికి దూరి పక్కకి తిరిగి పడుకున్నాడు. నేల చల్లగా ఉంది. అక్కడి నుంచి చూస్తే చెప్పులు చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉన్నాయి. చాచి చూశాడు, అందాయి. మూడుసార్లు చాచాడు.

నాలుగుమ్ముప్పావుకు నిషిగాకి గారు గుమ్మం దగ్గర నుంచి, "ఇక పదండి, దీపాలు ఆర్పేస్తున్నాను" అని కేకేసింది. మోరివాకి లేచి వెళ్ళి చేపలాట ఆపాడు. రేవులో ఆరు గోడలు మిగిలిపోయాయి. పెన్నుకు మూత పెట్టి, స్వెటర్‌కి అంటిన దుమ్ము దులుపుకుని, మేజోళ్ళతోనే గుమ్మం దాకా నడిచి బూట్లు తొడుక్కున్నాడు. ఆమె తలుపుకు తాళం వేసింది. అతను నెట్టి చూడలేదు.

లోపల, ఖాళీ బల్ల ముందు, ఆకుపచ్చ రబ్బరు చెప్పులు రెండు బల్ల కిందికి మొహం పెట్టి పక్కపక్కనే ఉండిపోయాయి.