బూదమ్మ కనురెప్ప

పులిపిరి కట్టడంలో మొగులప్ప చెయ్యికి పేరుంది. కరణ్‌కోట చుట్టుపక్కల మేకకో బర్రెకో ఒంటిమీద పులిపిరి లేస్తే జనం దాన్ని అతని ఇంటి ముందుకే తోలుకొస్తారు. అతను తన గాడిద తోక కుచ్చులోంచి ఒక పొడవాటి వెంట్రుక పెరికి, పులిపిరి మొదట్లో చుట్టి ముడి వేస్తాడు. మంగళవారం, శనివారం ఆ ముడి బిగిస్తాడు. నెత్తురందక అది నల్లబడి, ఎండి, మేత మేసేచోట ఎక్కడో రాలిపోతుంది. ఇందుకు అతను ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు. 'నీ చెయ్యి మంచిది' అని వాళ్లు అనే మాట కోసం మాత్రం, పనిలో పడ్డట్టు తల వంచుకుని, కాసేపు ఆగుతాడు.

గాడిద పేరు బూదమ్మ. బూడిద రంగుది. పాత తాండూరులో ట్రాక్టర్ దూరని సందుల్లోకి ఇసుక, ఇటుకలు మోసేది. పోయిన ఎండాకాలం దాని కుడి కనురెప్ప మీద శనగగింజంత బుడిపె లేచినప్పుడు మొగులప్ప దిగులుపడలేదు. లోలోపల కొంచెం సంతోషించాడు కూడా. ఇన్నాళ్లూ ఊరి పశువులకు వెంట్రుకలిచ్చిన దానికి, ఇప్పుడు దాని వెంట్రుకతోనే తను మేలు చేయబోతున్నాడు. కట్టాడు. బుడిపె రాలింది. నెల తిరక్కుండానే అదేచోట ఎర్రగా, తడిగా, ముందుకన్నా పెద్దదిగా మొలిచింది. మళ్లీ కట్టాడు. ఈసారి అది కంటి మూల దాకా పాకింది. రెప్ప బరువెక్కి కన్ను సగం మూసుకుపోయింది. బూదమ్మ కుడివైపు గోడలకు రాసుకుంటూ నడవడం మొదలుపెట్టింది.

తాండూరు పశువుల దవాఖానాలో చూసి వికారాబాద్ పొమ్మన్నారు. ఊళ్లోని మల్లేశ్ ట్రాలీ ఆటో మాట్లాడుకుని, మొగులప్ప, అతని భార్య ఎంకమ్మ దాన్ని తీసుకుపోయారు.

అక్కడి డాక్టర్ అశ్విని దగ్గరగా వంగి గడ్డను చూసింది.

"దీన్ని ఎవరన్నా కోసిండ్రా?"

"కొయ్యలేదు మేడం. కట్టిన."

"దేంతోని?"

"దాని తోక ఎంట్రుకతోనే."

ఆమె కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడితే జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆమె కోప్పడలేదు.

"ఇది పులిపిరి కాదు. తోలుల లేసే కణితి, గాడిదలకు, గుర్రాలకు వస్తది. లోపలికి పోదు, పానం తియ్యది. కానీ దీన్ని కెలికితే మాత్రం రెచ్చిపోతది. సగం తీసి సగం విడిచిపెడితే ఇంకింత పెరుగుతది."

గడ్డలోకే సూదితో మందు ఎక్కిస్తానని, అది క్యాన్సర్‌కు వాడే మందని, కొన్ని వారాలకోసారి మళ్లీ తీసుకురావాలని చెప్పి, మొదటి సూది వేసింది.

"సూది ఇచ్చినంక వాస్తది. పైన నల్లగ పొక్కు కడ్తది. చూసి భయపడొద్దు. మందు పని ఆ పొక్కు కిందనే జరుగుతుంటది. ఈగలు వాలకుండ పల్చటి బట్ట కట్టుండ్రి. పొక్కును మాత్రం ఎవ్వరు ముట్టొద్దు."

"ముడితే?"

"కన్నే తీసెయ్యాల్సి వస్తది."

ఎంకమ్మ కొంగు సర్దుకుంది. "డాక్టరమ్మా, గాడిదికైతే మందు చెప్పిండ్రు. ఈయన చేతికి గూడ ఏమన్న ఉంటే చెప్పుండ్రి. అది కుదురుగ ఉండదు."

డాక్టర్ నవ్వింది. మల్లేశ్ నవ్వాడు. మొగులప్ప కూడా నవ్వాడు. కానీ దారి పొడుగునా ఆ మాట అతని లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది.

ఇంటికొచ్చాక తెలిసింది, ఎంకమ్మ ఊరికే అనలేదని. దూరంగా అరుగుమీద కూర్చున్నా అతని బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉండేవి, మధ్యలో ఏదో ఉన్నట్టు. పొద్దున జొన్నచొప్ప వేసేటప్పుడు, ఈగలు వాలకుండా కట్టిన బట్ట ముసుగు మీదుగా వేళ్లు ఆ గడ్డమీద ఆగి ఉన్న సంగతి అతనికి ఆగిన తర్వాత గాని తెలిసేది కాదు. ఉలిక్కిపడి తీసేవాడు. మరుసటి పొద్దున మళ్లీ అంతే.

కళ్లతో చూడడం అతనికి చూడడం కాదు. జొన్నగింజ పచ్చిదో ఎండిందో, మేక చూలుదో కాదో అతనికి వేళ్లు చెప్పేవి. ఇప్పుడు ఆ ముసుగు కింద ఏం జరుగుతోందో తెలియకుండా కూర్చోమంటే, చీకటి గదిలో కూర్చోమన్నట్టుంది. నేనేం చెయ్యను, తెలుసుకుంటాను అంతే, అనుకునేవాడు. ఆ మాట అనుకున్న ప్రతిసారీ చెయ్యి ఇంకాస్త ముందుకు జరిగేది. తన చెయ్యి తన మాట వినడం లేదా, లేక తను ఒప్పుకోలేని మాటేదో వింటోందా అని ఒకసారి అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్ని ఎంతోసేపు ఉండనివ్వలేదు.

డాక్టర్ చెప్పినట్టే గడ్డ వాచి, పైన నల్లటి పొక్కు కట్టింది. అంతా ఆమె చెప్పినట్టే జరుగుతుంటే అతనికి ధైర్యం రావాలి. రాలేదు.

ఒక సాయంత్రం పక్కింటి లక్ష్మమ్మ మేకపిల్లను చంకన పెట్టుకుని వచ్చింది. దాని మూతి పక్కన పులిపిరి.

"జర కట్టు అన్నా. పాలు తాగనిస్తలేదు."

"నా చేతికి రోగమొచ్చిందంట, ఇన్లేదా? మీ వదిన ఊరంత చెప్తున్నది."

"ఆమె చెప్తది తియ్. మా పెద్దమేకది నువ్ కడితేనే రాలె. ఎవరి చెయ్యి వాళ్లది."

అతను లేచి బూదమ్మ తోకలోంచి వెంట్రుక పెరికాడు. మేకపిల్ల పులిపిరికి చుట్టి ముడి బిగించాడు. వేళ్లు ఒక్కసారి కూడా తడబడలేదు. లక్ష్మమ్మ పిల్లను భుజానికెత్తుకుని, "నీ చెయ్యి సల్లగుండ" అని వెళ్లిపోయింది.

ఆ మాట ఇంకా వేళ్లల్లో ఉండగానే అతను బూదమ్మ దగ్గరికి వెళ్లాడు. ముసుగు పైకెత్తాడు. పొక్కు ఒక అంచున ఎండి లేచి ఉంది. లేచిన అంచు వరకే తీస్తే చాలు, కింద గాలి తగులుతుంది, అనుకున్నాడు. గోటితో పట్టి లాగాడు. అంచు వరకే రాలేదు. కింద ఇంకా అంటుకుని ఉన్న పచ్చి కండతో సహా మొత్తం ఊడి వచ్చింది. నెత్తురు బూదమ్మ చెంప మీదుగా కారి మూతి దాకా వచ్చింది.

అది అరవలేదు, తన్నలేదు. తాడు అందినంత దూరం వెనక్కి జరిగి, తల పక్కకు తిప్పి, బాగున్న కన్నుతో అతన్ని చూసింది.

ఎంకమ్మ నీళ్ల బిందెతో వచ్చి ఆగిపోయింది.

"ఏం జేసినవయ్యా?"

"అదే ఊడింది."

ఆమె అతని వేళ్లవంక చూసింది. ఇంకో మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని అతనికి రాత్రంతా అనిపించింది.

రెండో సూదికి వెళ్లేసరికి గడ్డ రెట్టింపయింది. వికారాబాద్‌లో బూదమ్మ తల పట్టుకోవడానికి మొగులప్ప చెయ్యి చాచాడు. ఆ చెయ్యి మొహం దాకా రాకముందే అది మొత్తం ఒంటితో వెనక్కి గుంజుకుంది. కాళ్లు నేలమీద జారాయి. ఇంకోసారి చాచాడు. మళ్లీ అంతే. ఎంకమ్మ తాడు అందుకుంటే మాత్రం, ఆమె భుజంమీద గడ్డం ఆనించి నిలబడింది. కూలి పనులకు పోయే ఎంకమ్మ దాన్ని అలా దగ్గరికి తీసిన రోజులు తక్కువ.

"మొగులప్పా, జర బైట ఉండు," అంది డాక్టర్.

బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. చాలాసేపటికి అశ్విని గ్లౌజులు తీసేస్తూ వచ్చింది.

"ఎవరు పీకిండ్రో నేను అడగను. ఇంకోసారి అయితే కన్ను దక్కది."

"నేను ఇంట్ల లేకుంటే దక్కుతదా మేడం?"

ఆమె గ్లౌజులు చుట్టి డబ్బాలో పడేసింది. నువ్వు పోనక్కర్లేదని అంటుందేమోనని అతను చూశాడు.

"దక్కొచ్చు," అంది.

మర్నాడే అతను తాండూరులో బండలు పాలిష్ చేసే చోట పనికి కుదిరాడు. అక్కడే రేకుల కింద పడుకునేవాడు. ఇంటికి పోలేదు. పనిలో చేతులకు తీరిక లేదు. నాపరాళ్లు ఎత్తడం, మిషన్ కిందికి తోయడం, బురద కడగడం. తడి రాతిమీద అరచెయ్యి ఆనించినప్పుడు కాస్త నెమ్మదిగా ఉండేది. రాయిని ఎంత తడిమినా దానికేమీ కాదు.

వారం గడిచాక ఎంకమ్మ ఫోన్ చేసింది.

"పొక్కు గట్టిపడ్డది. వాపు దిగుతున్నది."

"మంచిగనే చూసినవా? దూరంకెల్లి చూస్తే తెల్వది."

"నేను ముట్టి చూడనయ్యా. కండ్లు లేవా నాకు?"

మూడో సూదికి వాళ్లు తను లేకుండానే వెళ్లి వచ్చారు. ఆ సాయంత్రం మళ్లీ ఫోన్ వచ్చింది. పొక్కు దానంతటదే రాలిందట, కింద గులాబీరంగు తోలు కనిపిస్తోందట. 'మంచిదే' అన్నాడు మొగులప్ప. ఫోన్ పెట్టేసి బండల దొంతరమీద కూర్చున్నాడు. సంతోషం కోసం లోపల వెతుక్కున్నాడు. దాని స్థానంలో ఇంకేదో ఉంది. ముందు అలసట అనుకున్నాడు. అలసట కాదు. పొక్కు రాలిందన్న మాట వినగానే తన గుండె ఒక మెట్టు దిగింది. గడ్డ తగ్గకూడదని తనలో ఎవరో కోరుకున్నారు. డాక్టర్ వల్ల కూడా కాలేదని, ఆఖరికి అందరూ తన చెయ్యి దగ్గరికే రావాలని. బూదమ్మ కన్ను పోయినా సరే.

మిషన్ ఆగేదాకా అలాగే కూర్చున్నాడు. ఆరోజు చెంపమీద కారిన నెత్తురు కూడా అతన్ని ఇంత భయపెట్టలేదు.

ఆఖరి సూదిరోజు అతను బస్సులో నేరుగా వికారాబాద్ వెళ్లి దవాఖానా గేటు దగ్గర నిలబడ్డాడు. డాక్టర్ బూదమ్మ పక్కనుంచే చెప్పింది. "కన్ను దక్కింది మొగులప్పా. మళ్లీ లేస్తదేమో కొన్నేండ్లు కనిపెట్టుకుని ఉండాలె, అంతే."

రెప్ప ఒక అంచున ముడుచుకుంది. అక్కడ వెంట్రుకలు లేవు. కన్ను మాత్రం పూర్తిగా తెరుచుకుని ఉంది.

"అంత దూరం నిలబడి ఏం చూస్తవ్? రా," అంది ఎంకమ్మ.

"ఇక్కడికి కనబడుతున్నది."

ఆమె కాసేపు అతన్ని చూసి, తనే బూదమ్మను ట్రాలీలోకి ఎక్కించింది.

మల్లేశ్ వెనక తలుపు గొలుసు వేస్తూ అన్నాడు, "ఎవరన్న ఒకలు ఎనుక నిలబడాలె. అనంతగిరి మలుపులల్ల పడ్తది."

"నా మోకాళ్లు నిలబడనిస్తలేవు," అంటూ ఎంకమ్మ ముందు సీట్లో కూర్చుంది. మోకాళ్ల నొప్పి నిజమో కాదో ఆమె మొహంలో తెలియలేదు.

మొగులప్ప ఎక్కాడు. బూదమ్మ వెంటనే తాడు అందినంత మేరకు ఎదుటి అంచుకు జరిగింది. అతను తన వెనకున్న ఇనుప కడ్డీని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. అడవి మొదలై రోడ్డు తిరిగినప్పుడు దాని గిట్టలు రేకుమీద జారాయి. బరువంతా వచ్చి అతని ఛాతీమీద పడింది. దాన్ని పట్టుకోవాలని చేతులు గుంజాయి. కడ్డీని వదల్లేదు. నడుమును కడ్డీకి ఆనించి, దాని బరువును పక్కటెముకలతోనే ఆపాడు. మెడమీది బొచ్చు గడ్డానికి తగిలింది. మందు వాసన వచ్చింది.

రోడ్డు తిన్నగయ్యాక అది మళ్లీ అవతలికి జరిగింది.

"ఏమైందే, పడ్డదా?" ముందునుంచి మల్లేశ్ అరిచాడు.

"లేదు, పోనియ్," అన్నాడు మొగులప్ప. అని, కడ్డీ మీద పట్టు బిగించి, వచ్చే మలుపుకోసం చూశాడు.