కాపలా పురుగు

చిప్పక్క పొద్దున షాపు తెరవగానే చేసే మొదటి పని చీపురు పట్టడం. ముందురోజు బాగుచేసిన లాప్‌టాప్‌ల్లోంచి రాలిన పురుగులు బల్ల కింద కుప్పగా పడి ఉండేవి. రోగం పట్టిన మిషన్లోంచి పురుగులొస్తాయని ఆ వీధిలో చంటిపిల్లలకి కూడా తెలుసు. అడగని ప్రకటనలు ఎగిరెగిరి పడే రోగమైతే దోమలు, ఫైళ్లు తినేసే రోగమైతే చెదలు. జనం లాప్‌టాప్‌ని పాత తువ్వాల్లో చుట్టి తెచ్చేవాళ్లు, ఇంట్లో బట్టలకి పట్టకుండా.

చిప్పులు మారుస్తుంది కాబట్టి ఆమెని చిప్పక్క అన్నారు. పేరులో తప్ప చేతికి చిప్ప రాకుండా ముప్ఫై ఏళ్లు నెట్టుకొచ్చానని ఆమే నవ్వుతూ చెప్పుకునేది.

ఆ రోజు పదింటికి నర్సమ్మ మెట్లెక్కి వచ్చింది. పక్క వీధి ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే మనిషి. మూడు వారాలుగా లాప్‌టాప్ నత్తనడక నడుస్తోందట. ఒక అక్షరం కొడితే ఊపిరి తీసి వదిలేదాకా తెరమీదికి రాదు, ఉన్నట్టుండి కొయ్యబారిపోతుంది. అదొక్కటే అయితే ఓర్చుకునేదే. వేరే ఊళ్లో పెద్దాస్పత్రిలో ఆమెకి ఉద్యోగం ఖాయమైంది. తీరా చేరే ముందు, "మీరు వద్దనుకున్నట్టు తెలిపిన ఉత్తరం అందింది" అని వాళ్ల దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఆమె అలాంటి ఉత్తరం రాయనే లేదు.

ఎవరితో వచ్చావమ్మా అని చిప్పక్క అడిగింది. మా ఆయన తెచ్చాడు, కింద స్కూటర్ మీద ఉన్నాడు, నన్ను ఒంటరిగా ఎక్కడికీ పంపడు, నేనంటే ప్రాణం అని నర్సమ్మ నేలచూపులు చూస్తూ చెప్పింది.

చిప్పక్క లాప్‌టాప్ తెరిచి వరసగా చూసుకుంటూ పోయింది. ఫ్యాన్‌కి కాస్త దుమ్ము. డిస్క్‌లో చోటుకి కొదవ లేదు. మిషన్ లేవగానే తమంతట తాము లేచే ప్రోగ్రాముల పట్టీ తీసింది. అందులో ఒకటి ప్రింటర్ సహాయకం అని పేరు పెట్టుకుని ఉంది. ఇంట్లో ప్రింటర్ ఉందా అంటే లేదంది నర్సమ్మ. లేని ప్రింటర్‌కి సాయం చేస్తున్న ఆ ప్రోగ్రామే మెమరీలో సగం మింగి కూచుంది. రెండు నిమిషాలకోసారి బయటికి ఏదో పంపుతోంది. ఇంత జరుగుతున్నా ఒక్క పురుగూ బయటికి రాలేదు. చిప్పక్క చెయ్యి అక్కడే ఆగింది. కంటికి కనబడే పురుగుతో ఆమెకి ఏనాడూ భయం లేదు.

ఆమె లాప్‌టాప్‌కి తగిలించిన నెట్ వైరు పీకింది.

కాసేపటికి మీటల సందులోంచి బూడిదరంగు రెక్కల పురుగొకటి పాక్కుంటూ వచ్చింది. రెక్కల మీద రెండు చుక్కలు, అచ్చం కళ్లలాగే. అది నర్సమ్మ ముఖం చుట్టూ ఒకసారి తిరిగి కిటికీలోంచి కిందికి పోయింది. ఆడవాళ్లిద్దరూ కిటికీ దగ్గరికెళ్లి చూశారు. స్కూటర్ మీద కూచుని ఫోన్ చూసుకుంటున్న మనిషి చొక్కా కాలరు వెనక అది మెల్లగా వాలింది. కాపలా పురుగు నెట్ ఉన్నంతసేపూ లోపలే దాక్కుని మిషన్ వాడేవాళ్ల మీద నిఘా పెడుతుంది, దారి మూసేస్తే తనని పెట్టినవాళ్ల దగ్గరికే పోతుంది. ఆ సంగతి నర్సమ్మకీ తెలుసు. ఆమె కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది.

చిప్పక్క లాప్‌టాప్ మూత వేసి ఆమెని లోపలి గదిలోకి తీసుకెళ్లింది.

"తీసేస్తే పోతుందా?" అంది నర్సమ్మ.

"తీసిన క్షణానే ఆయనకి తెలిసిపోతుందమ్మా. నువ్వు ఆ ఇంటి గడప దాటాకే తియ్యాలి."

నాలుగేళ్ల కింద ఒక టీచరమ్మ లాప్‌టాప్‌లో ఇలాంటిదే దొరికితే, చిప్పక్క దాన్ని చంపి, శుభ్రం చేసి, ఇక దిగుల్లేదు తల్లీ అని గొప్పగా చేతికిచ్చింది. వారం తిరక్కుండా ఆ టీచరమ్మ ఫొటో పేపర్లో చూసింది. ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నర్సమ్మకి చెప్పింది.

నర్సమ్మ, ఎల్లుండి తనకి పగటి డ్యూటీ అనీ, ఆయన ముందు గేటు దగ్గర దింపి ఆఫీసుకి పోతాడనీ, ఆస్పత్రికి వెనక గేటు కూడా ఉందనీ చెప్పింది. షాపు ఫోన్ నుంచి పెద్దాస్పత్రికి మాట్లాడింది. అక్కడి హెడ్ నర్సు, ఆ ఖాళీ ఇంకా నిండలేదు, వచ్చి చేరమంది.

అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు, నర్సమ్మ భర్త పైకొచ్చాడు. కింది జిరాక్స్ షాపాయన, పురుగు వాలడం చూశాడో ఏమో, పనేమీ లేకపోయినా అతని వెనకే వచ్చి, ఆ మనిషి కాలరు మీద చేత్తో తట్టి, దుమ్ము అన్నాడు. పురుగుని పిడికిట్లో మూసుకుని దిగిపోయాడు.

భర్త మర్యాదగా నమస్కారం పెట్టాడు. "నెట్ తీసేసినట్టున్నారు?"

వైరు లూజుగా ఉంది బాబూ అని చిప్పక్క మళ్లీ తగిలించింది. ఫ్యాన్ విప్పాలి, డిస్క్ చూడాలి, రెండు రోజులు ఉంచి వెళ్లమంది.

"ఉంచండి, తొందరేం లేదు. నెట్ మాత్రం తియ్యకండి" అన్నాడతను నవ్వుతూ.

ఆ రెండు రోజులూ చిప్పక్క మూత తెరిచి, లాప్‌టాప్ కెమెరా ఎదురుగానే పనిచేసింది. ఒకే ఫ్యాన్‌ని ఆరుసార్లు విప్పి ఆరుసార్లు బిగించింది. పాత ఆటలు చెరిపింది. ప్రింటర్ సహాయకం జోలికి పోలేదు. మెడ మీద చూపు ఆనినట్టు అనిపిస్తుంటే రాని కూనిరాగం తీసింది. గంటకోసారి ఫోన్. ఎంతవరకొచ్చిందండీ, ఏమైనా దొరికిందా అని ఎంతో నెమ్మదిగా అడిగేవాడు. అతని కళ్లు రెండూ ఆ బల్ల మీదే ఉన్నాయని ఆమెకి నమ్మకం కుదిరింది.

మూడో రోజు మధ్యాహ్నం షాపు ఫోన్ రెండుసార్లు మోగి ఆగింది. నర్సమ్మ ఎక్కిన బస్సు ఊరు దాటిందన్న గుర్తు. చిప్పక్క లేచి వైరు పీకేసింది.

మీటలు ఒక్కొక్కటే పైకి లేచాయి. మొన్న వచ్చింది ఒక్కటి. ఇప్పుడు వందలు. కిటికీ నిండిపోయి గది చీకటైంది. అవన్నీ నేరుగా అతని ఆఫీసుకెళ్లి తల మీదా భుజాల మీదా కాగితాల మీదా వాలాయి. తోటి ఉద్యోగులు ఎవరి కుర్చీ వాళ్లు దూరంగా జరుపుకున్నారు. ఆ సాయంత్రం నుంచి అతను ఏ బస్సెక్కినా పక్క సీటు ఖాళీగానే ఉండేది.

మర్నాడు అతను షాపుకొచ్చి వీటిని తీసెయ్యమన్నాడు. ఈసారి నవ్వలేదు. మిషన్లోంచైతే తీస్తాను, మనిషి మీంచి తియ్యడం నాకు రాదు అంది చిప్పక్క. కింద జిరాక్స్ షాపాయన, ఇంకో నలుగురూ మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. అతను దిగి వెళ్లిపోయాడు.

తొమ్మిది రోజుల తర్వాత కొత్త ఊళ్లో, నర్సమ్మ ఒక ముసలామెకి సూది వేస్తుండగా, వార్డు కిటికీ అద్దం మీద బూడిదరంగు పురుగు వాలింది. ఆమెని చూస్తూ ఉండటమే వాటికి అప్పజెప్పిన పని. అందుకే అతను ఎటు బయల్దేరినా అతనికన్నా ఒక వీధి ముందుగా ఎగిరి ఆమెని వెతుక్కుంటాయి. అతనికి ఆమె ఉన్న ఊరు పట్టిచ్చినవీ అవే.

నర్సమ్మ సూది తీసి, దూది అద్ది, గట్టిగా పట్టుకో పెద్దమ్మా అని చెప్పి గేటు దగ్గరికి దిగింది. వాచ్‌మన్‌కి రెండు ముక్కల్లో చెప్పింది. అతను గేటు వేసి స్ట్రెచర్లు తోసేవాళ్లని ముగ్గుర్ని పిలిచాడు. పది నిమిషాలకి పురుగుల గుంపు మలుపు తిరిగింది, దాని వెనక ఆమె భర్త. రోడ్డుకి అవతల నిలబడ్డాడు. నర్సమ్మ గేటుకి ఇవతల నిలబడింది. ఒక లారీ వెళ్లింది, ఇంకో లారీ వెళ్లింది. చివరికి వెనక్కి తిరిగింది అతనే.

మళ్లీ రాడని ఆమెకి ఎవరూ మాటివ్వలేదు. ఆ ఊళ్లో చీకటి పడితే అందరూ పురుగులొస్తాయని కిటికీలు మూసుకునేవాళ్లు. నర్సమ్మ మాత్రం, అతను వస్తే ముందు పురుగే వస్తుందని, తన కిటికీ తెరిచి పెట్టుకుని పడుకునేది.